గూడ జారే భుజంలో ఎముక ఎంత పోయింది? మిల్లీమీటర్లలో తేల్చుకునే పద్ధతి

గూడ పదేపదే జారే కుర్రాడి ఎమ్మారై రిపోర్ట్ చివర్లో "మైల్డ్ గ్లెనాయిడ్ బోన్ లాస్" అని ఉంటే, ఆ ముక్కతో నేను చేసేదేమీ ఉండదు. గ్లెనాయిడ్ అంటే రెక్క ఎముక (స్కాపులా) మీద, పై చేతి ఎముక (హ్యూమరస్) తల ఆనే పల్లం. మైల్డ్ అంటే ఎన్ని మిల్లీమీటర్లు? అసలు ఎముక వెడల్పు ఎంత ఉండాల్సింది, ఇప్పుడెంత ఉంది? హ్యూమరస్ తల వెనక పడ్డ గుంట సంగతేంటి? ఇందులో రేడియాలజిస్ట్‌ని అనేదేమీ లేదు. మనం పంపిన కాగితం మీద "షోల్డర్ పెయిన్" అని మాత్రమే రాస్తే ఆయన మాత్రం ఏం కొలుస్తాడు? ఆపరేషన్ చేసేవాళ్ళే ఈ కొలత తీసుకోవాలని నా పట్టు. మా పీజీలకి ఓపీలో, సీటీ సిస్టమ్ ముందు కూర్చోబెట్టి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. ఫిజియోలకీ పనికొస్తుంది. పేషెంట్లు చదివినా మంచిదే, తమ డాక్టర్‌ని ఏం అడగాలో తెలుస్తుంది.

ఇంత పట్టింపు ఎందుకంటే, 2000లో బర్కార్ట్, డి బీర్ అనే సర్జన్లు కలిసి 194 ఆర్థ్రోస్కోపిక్ బ్యాంకార్ట్ ఆపరేషన్ల ఫలితాలు ప్రచురించారు. స్కోప్ పెట్టి, ఊడిన లేబ్రమ్‌ని (గ్లెనాయిడ్ చుట్టూ ఉండే మెత్తని అంచు) యాంకర్లనే చిన్న కొక్కేలతో తిరిగి కుట్టడమే బ్యాంకార్ట్. ఎముక పెద్దగా పోనివాళ్ళలో 4 శాతం మందికి గూడ మళ్ళీ జారింది. బాగా పోయినవాళ్ళలో 67 శాతం మందికి జారింది. రెండు గుంపులకీ చేసిన ఆపరేషన్ ఒకటే. తేడా అంతా ఎముకలోనే ఉంది.

భుజం కీలు సాసర్‌లో పెట్టిన నిమ్మకాయ లాంటిది. సాసర్ అసలే చిన్నది, లోతు తక్కువ. ముందు అంచు విరిగితే కాయ అటు దొర్లుతుంది. కాయకే వెనక సొట్ట పడి, ఆ సొట్ట సాసర్ అంచు దాకా వస్తే అక్కడ చిక్కుకుని బయటికి పడిపోతుంది. మొదటిది గ్లెనాయిడ్ నష్టం, రెండోది హిల్-సాక్స్ గుంట. శాన్‌ఫ్రాన్సిస్కో రేడియాలజిస్టులు హిల్, సాక్స్ దాన్ని 1940లోనే వర్ణించారు. ఈ రెంటినీ విడివిడిగా కొలిచి వదిలేస్తే పని సగమే అయినట్టు. ఒకదానితో ఒకటి కలిపి చూడాలి.

ముందు అడగండి, తర్వాత స్కాన్

"ఎన్నిసార్లు జారింది?" అని అందరూ అడుగుతారు. "చాలాసార్లు సార్" అనే జవాబే వస్తుంది. దానికంటే "చివరి రెండుసార్లు ఏం చేస్తుంటే జారింది?" అన్నది ఎక్కువ పనికొచ్చే ప్రశ్న. మొదటిసారి కబడ్డీలో చైన్ పట్టుకున్నప్పుడు రైడర్ వచ్చి గుద్దుకుంటే జారింది, సరే. ఈమధ్య నిద్రలో పక్కకి తిరిగితే జారింది, చొక్కా తొడుక్కుంటుంటే జారింది, బస్సులో పైరాడ్ పట్టుకుంటే జారింది అన్నాడంటే ఎముక పోయిందనే అనుమానంతో మొదలుపెట్టండి. మొదట్లో అంత బలం పడితేగానీ జారని కీలు, ఇప్పుడు ఏ బలమూ లేకుండా జారుతోందంటే ఆపే అంచు అరిగిపోయినట్టే.

ఎవరు ఎక్కించారో కూడా అడగండి. మన దగ్గర సగం కథ ఆస్పత్రి బయటే నడుస్తుంది. గ్రౌండ్‌లో స్నేహితులు లాగేస్తారు, ఊళ్ళో కట్టు కట్టేవాళ్ళు ఎక్కిస్తారు, కొందరు తామే మోకాలికి చేతులు చుట్టి వెనక్కి వాలి ఎక్కించేసుకుంటారు. తానే ఎక్కించుకోగలుగుతున్నాడంటే కీలు ఎంత వదులైందో అర్థం చేసుకోవచ్చు. జారిన ప్రతిసారీ ఎన్ని గంటలు బయట ఉండిపోయిందో కూడా రాసుకోండి. అంచు మీద తల ఒత్తుకుని ఉన్నంతసేపూ గుంట లోతవుతూనే ఉంటుంది.

ఫిట్స్ ఉన్నాయా అన్నది తప్పనిసరి ప్రశ్న. సంబంధం వాళ్ళు ఎక్కడ తప్పుకుంటారోనని ఇంట్లోవాళ్ళు దాచిపెడతారు. అమ్మానాన్నల్ని కాసేపు బయట కూర్చోమని అడగాల్సి వస్తే అలాగే చెయ్యండి. ఫిట్స్‌తో జారే భుజాల్లో ఎముక నష్టం పెద్దదిగా ఉంటుంది. పైగా వెనక్కి జారే కేసులు కూడా వీళ్ళలోనే ఎక్కువ. అప్పుడు గుంట తల ముందువైపు పడుతుంది. ఫిట్స్ మందులతో అదుపులోకి రాకుండా ఎంత గట్టి ఎముక అతికించినా నిలవదు.

పరీక్షలో అప్రిహెన్షన్ టెస్ట్ అందరికీ తెలిసిందే. చెయ్యి 90 డిగ్రీలు ఎత్తి బయటికి తిప్పితే పేషెంట్ ముఖం మారుతుంది. నేను దానికి ముందు 45 డిగ్రీలు మాత్రమే ఎత్తి, 45 డిగ్రీలు మాత్రమే తిప్పి చూస్తాను. అంత కిందనే "వద్దు వద్దు" అని రెండో చేత్తో నా చెయ్యి పట్టుకుంటే, అది లిగమెంట్ ఒక్కదాని పని కాదు, ఎముకని అనుమానించాల్సిందే. దీన్ని బోనీ అప్రిహెన్షన్ అంటారు. మోచెయ్యి పొట్టకి ఆనించి బయటికి తిప్పితే 85 డిగ్రీలు దాటుతుందా, బొటనవేలు ముంజేతికి ఆనుతుందా చూసి ఒంటి వదులుతనం కూడా రాసుకోండి. డెల్టాయిడ్ (భుజం మీది కండ) మీద స్పర్శ చూడటం మర్చిపోకండి. నలభై దాటినవాళ్ళయితే రొటేటర్ కఫ్ (హ్యూమరస్ తలని చుట్టి ఉండే కండరాల కొసలు) చిరిగిందేమో కూడా చూడాలి.

ఎక్స్‌రే చవకే, కానీ చాలా చెబుతుంది

సాధారణ ఏపీ (ఎదురుగా తీసే ఎక్స్‌రే) తీసి పంపిస్తే సరిపోదు. గ్లెనాయిడ్ ముందుకి తిరిగి ఉంటుంది కాబట్టి పేషెంట్‌ని 30 నుంచి 45 డిగ్రీలు తిప్పి ట్రూ ఏపీ తీయించండి. అందులో గ్లెనాయిడ్ కింది సగంలో ముందు అంచు తెల్లని గీతలా కనిపించాలి. ఆ గీత ఉన్నట్టుండి మాయమైతే అంచు పోయినట్టు. రెండు పక్కలా తీయించి ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే ఇది కొత్తవాళ్ళకి కూడా దొరుకుతుంది.

చెయ్యి లోపలికి తిప్పి తీసిన ఏపీలో హిల్-సాక్స్ గుంట బయటపడుతుంది. చెయ్యి బయటికి తిప్పినా గుంట ఇంకా కనబడుతోందంటే అది పెద్దదే. 2007లో బాల్గ్, బ్వాలో ఇచ్చిన ఇసిస్ (ఇన్‌స్టెబిలిటీ సివియారిటీ ఇండెక్స్) స్కోర్‌లో ఈ రెండు ఎక్స్‌రే గుర్తులకీ రెండేసి మార్కులు. ఆపరేషన్ నాటికి వయసు 20 లోపు అయితే 2, పోటీల్లో ఆడేవాడైతే 2, ఒంటిమీద పడే ఆటైతే 1, కీళ్ళు వదులైతే 1. మొత్తం 10కి. ఆరు దాటితే బ్యాంకార్ట్ ఒక్కటే చేస్తే మళ్ళీ జారే అవకాశం 70 శాతం దాకా వచ్చిందని వాళ్ళ లెక్క. సీటీ లేని చోట కూడా పది నిమిషాల్లో అయ్యే పని ఇది. చిన్న ఊళ్ళో ప్రాక్టీస్ చేసేవాళ్ళు ఈ స్కోర్ వేసి, ఎవరిని పెద్ద సెంటర్‌కి పంపాలో తేల్చుకోవచ్చు.

యాక్సిలరీ వ్యూ (చంక వైపు నుంచి తీసే ఎక్స్‌రే) వదలకండి. వెనక్కి జారిన కీలు ఏపీలో మామూలుగా ఉన్నట్టే కనిపించి మోసం చేస్తుంది.

సీటీ అడిగేటప్పుడు

ఎమ్మారై లేబ్రమ్‌కి, కఫ్‌కి. ఎముక కొలతకి నాకు సీటీ కావాలి. ఎమ్మారైలో కూడా ఇప్పుడు మంచి త్రీడీ సీక్వెన్సులు వచ్చాయి, దొరికితే వాడండి, రేడియేషన్ తప్పుతుంది. కానీ మన జిల్లా సెంటర్లలో నమ్మకంగా దొరికేది సీటీయే.

"సీటీ షోల్డర్" అని రెండు మాటలు రాసి వదిలేస్తే పై నుంచి కిందికి నాలుగు ఫిల్ములు వస్తాయి. వాటితో ఏ కొలతా తేలదు. ఫారం మీద నేను ఇలా రాస్తాను: రెండు భుజాలూ ఒకే స్కాన్‌లో, స్లైస్ 1 మి.మీ. లేదా అంతకంటే పల్చన, బోన్ విండో, త్రీడీలో హ్యూమరస్ తల తీసేసి గ్లెనాయిడ్ ఎదురుగా కనిపించే బొమ్మ, హ్యూమరస్ తల వెనక నుంచి బొమ్మ, మొత్తం డేటా సీడీలో. ఒకటి రెండుసార్లు టెక్నీషియన్ దగ్గరికి వెళ్ళి కూర్చుని, తల ఎలా తీసెయ్యాలో చూపించి టీ తాగి వస్తే తర్వాత అన్నీ సరిగ్గానే వస్తాయి. సీడీ మన లాప్‌టాప్‌లో తెరవడానికి హోరోస్, త్రీడీ స్లైసర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి.

వృత్తం గీయడం

అసలు పని ఇక్కడే. గ్లెనాయిడ్ కింది మూడింట రెండు వంతుల భాగం మామూలుగా చక్కటి వృత్తంలా ఉంటుంది. వెనక అంచు, కింది అంచు చెడకుండా మిగిలి ఉంటాయి కాబట్టి వాటికి సరిపోయేలా వృత్తం గీస్తే, ముందు వైపు ఎముక ఎక్కడి దాకా ఉండాల్సిందో ఆ గీత చెబుతుంది. ఆ గీతకీ ఇప్పుడున్న అంచుకీ మధ్య ఖాళీ చిన్న డి. వృత్తం వ్యాసం పెద్ద డి. చిన్న డిని పెద్ద డితో భాగించి వందతో హెచ్చిస్తే నష్టం శాతం వస్తుంది.

చెప్పడానికి రెండు వాక్యాలే, గీసేటప్పుడు మాత్రం మూడు చోట్ల దెబ్బతింటారు.

మొదటిది బొమ్మ కోణం. గ్లెనాయిడ్‌ని కాస్త వాలుగా చూస్తే వెడల్పు తగ్గి కనిపిస్తుంది. కొత్తవాళ్ళు యాక్సియల్ స్లైస్‌లో (అడ్డంగా కోసినట్టు కనిపించే బొమ్మ) ముందు అంచునీ వెనక అంచునీ కలిపే గీత ఆధారంగా బొమ్మ తిప్పుతారు. ముందు అంచు అరిగి లోపలికి వాలిపోయి ఉంటే ఆ గీతే వంకర, దాంతో బొమ్మ కూడా వంకరే. చెడని పక్క గ్లెనాయిడ్‌ని ముందు సరిగ్గా తిప్పి, స్కాపులా ఆకారం ఎలా కనిపిస్తుందో చూసి, రెండో పక్కని దానికి అద్దం బొమ్మలా తెచ్చుకోండి.

రెండోది నష్టం ఎక్కడ వెతకాలన్నది. చాలామంది ముందు-కింద మూలన, కుడి భుజంలో అయిదు గంటల దిక్కున చూస్తారు. నిజానికి పదేపదే జారే భుజాల్లో అరుగుదల సగటున మూడు గంటల దిక్కునే, అంటే దాదాపు నేరుగా ముందుకే ఉంటుంది. సైతో బృందం 2005లో చూపించింది ఇదే. చిన్న డిని అడ్డంగా, వృత్తం కేంద్రం మీదుగా పోయే గీత మీద కొలవండి.

మూడోది వృత్తం సైజు. ఒక లెక్క చూడండి. కుడి గ్లెనాయిడ్, వృత్తం వ్యాసం 26 మి.మీ., ఖాళీ 4 మి.మీ. అనుకుందాం. నష్టం 15.4 శాతం. అదే బొమ్మ మీద ఇంకొకరు వెనక అంచు కదలకుండా 28 మి.మీ. వృత్తం గీశారు. ఖాళీ 6 అయింది, నష్టం 21.4 శాతం. రెండు మిల్లీమీటర్ల తేడాతో బ్యాంకార్ట్ కేసు కాస్తా లటార్జె (కోరకాయిడ్ అనే పక్క ఎముక ముక్కని తెచ్చి అంచుకి బిగించే ఆపరేషన్) కేసు అయిపోయింది! అందుకే రెండో భుజం కూడా స్కాన్‌లో ఉండాలంటాను. అటు పక్క గ్లెనాయిడ్ మీద వృత్తం గీసి, దాని వ్యాసాన్నే ఇటు తెచ్చి పెట్టండి. రెండు భుజాలూ జారే మనిషైతే ఈ వీలు ఉండదు, అప్పుడు ఇద్దరు విడివిడిగా గీసి పోల్చుకోవాలి. మా దగ్గర పీజీ కొలిచిన కాగితం మడిచి పెడతాడు, నేను గీశాకే విప్పుతాం.

శాతం అన్నప్పుడు ఏ శాతమో కూడా రాయండి. వ్యాసంలో 25 శాతం పోతే వైశాల్యంలో పోయేది సుమారు 19.6 శాతమే. వ్యాసంలో 20 అంటే వైశాల్యంలో 14 చిల్లర. ఒక పేపర్‌లోని వైశాల్యపు హద్దుని మీ వ్యాసపు కొలతకి తగిలిస్తే నిర్ణయం తారుమారు అవుతుంది.

విరిగిన ముక్క కనిపిస్తే దాన్నీ కొలిచి, ఎక్కడ అతుక్కుందో రాసుకోండి. సుగయ బృందం 2003లో వంద భుజాలకి త్రీడీ సీటీ చేస్తే సగంలో ముక్క కనిపించింది, 40లో ముక్క లేకుండా అరుగుదల ఉంది. ముక్క తాజాగా ఉంటే దాన్నే తెచ్చి తిరిగి బిగించొచ్చు. నెలలు గడిచేకొద్దీ అది కరిగి చిన్నదైపోతుంది. ముక్క ఉంది కదా, నష్టం లేదులే అని లెక్క వేసుకోకండి.

తల వెనక గుంట, రెంటినీ కలిపే లెక్క

హిల్-సాక్స్ గుంట తల పైభాగం నుంచి 2 సెం.మీ. లోపు స్లైసుల్లో ఉంటుంది. అంతకంటే కింద, మెడ దగ్గర అందరికీ మామూలుగానే ఒక పల్లం ఉంటుంది. దాన్ని గుంట అనుకుని కొలిచినవాళ్ళని చూశాను.

లోతు కన్నా ముఖ్యమైంది గుంట లోపలి అంచు ఎంత దూరం వచ్చిందన్నది. వెనక నుంచి తీసిన త్రీడీ బొమ్మలో గుంట వెడల్పు కొలవండి. గుంటకీ కఫ్ అతుక్కునే చోటికీ మధ్య మిగిలిన ఎముక వంతెన కూడా కొలవండి. ఈ రెండూ కలిపితే హిల్-సాక్స్ ఇంటర్వల్. కఫ్ అంచు సీటీలో తెలియకపోతే ఎమ్మారై యాక్సియల్ పక్కన పెట్టుకుని చూడండి.

చెయ్యి ఎత్తి బయటికి తిప్పినప్పుడు గ్లెనాయిడ్ తల మీద ఒక బాట వెంట జరుగుతుంది. యమమోటో, ఇతోయి బృందం 2007లో ఈ బాట వెడల్పు గ్లెనాయిడ్ వెడల్పులో 84 శాతమని శవాల భుజాల మీద కొలిచారు. తర్వాత బతికున్న మనుషుల్లో 83 వచ్చింది. 2014లో డి జియాకొమో, ఇతోయి, బర్కార్ట్ దాన్ని లెక్కగా మార్చారు: పెద్ద డిని 0.83తో హెచ్చించి, చిన్న డి తీసేస్తే వచ్చేది గ్లెనాయిడ్ ట్రాక్. ఇంటర్వల్ అంతకంటే తక్కువైతే ఆన్ ట్రాక్, అంటే గుంట బాట లోపలే ఉంది. ఎక్కువైతే ఆఫ్ ట్రాక్, అంటే గుంట బాట దాటింది, అంచులో చిక్కుకోవచ్చు.

పై కుర్రాడికే వేద్దాం. 26 ఇంటు 0.83 అంటే 21.6. అందులో 4 పోతే 17.6 మి.మీ. గుంట వెడల్పు 14, వంతెన 5, ఇంటర్వల్ 19. ఆఫ్ ట్రాక్. గ్లెనాయిడ్ చెడకుండా ఉంటే ఇదే గుంట 21.6 లోపల ఉండిపోయి ఆన్ ట్రాక్ అయ్యేది. 15 శాతమే కదా అని గ్లెనాయిడ్ ఒక్కదాన్నే చూసి యాంకర్లు వేసేస్తే ఏం జరిగేదో ఊహించుకోండి.

ఇందులో నాకు నచ్చే సంగతి ఒకటుంది. ఇందాక తప్పుగా గీసిన 28 మి.మీ. వృత్తంతో ట్రాక్ లెక్కకడితే 23.2 నుంచి 6 పోయి 17.2 వస్తుంది. శాతం ఆరు పాయింట్లు ఎగిరింది గానీ ట్రాక్ అర మిల్లీమీటర్ కూడా కదల్లేదు. వృత్తం సైజు మీద నమ్మకం లేని రోజు నేను శాతం పక్కన పెట్టి ట్రాక్‌నే పట్టుకుంటాను. ట్రాక్‌లో పొరపాటు ఎక్కువగా గుంట వైపు నుంచి వస్తుంది కాబట్టి దాన్ని రెండుసార్లు కొలవండి.

ఆన్ ట్రాక్ అనగానే గుండెమీద చెయ్యి వేసుకుని పడుకోవద్దు. ట్రాక్‌లోంచి ఇంటర్వల్ తీసేస్తే మిగిలేది 8 మి.మీ. కంటే తక్కువైతే బ్యాంకార్ట్ విఫలమయ్యే అవకాశం ఎక్కువని 2021లో వచ్చిన పరిశీలన. అర మిల్లీమీటర్ తేడాతో ఆన్ అయిన భుజాన్ని నేను ఆఫ్ కిందే చూస్తాను.

ఆ అంకెతో ఏం చెయ్యాలి

బ్యాంకార్ట్ ఒక్కటే చాలదనడానికి పాత హద్దు 20–25 శాతం. ఇతోయి 2000లో శవాల మీద చేసిన పనిలో గ్లెనాయిడ్ పొడవులో 21 శాతం వచ్చింది. 2015లో షాహా బృందం అమెరికా సైనికుల్లో చూస్తే 13.5 శాతం దాటినవాళ్ళు మళ్ళీ జారకపోయినా భుజంతో సుఖంగా లేరు. కాబట్టి 13.5కీ 20కీ మధ్య ఉన్నవాళ్ళని నేను మనిషిని బట్టి చూస్తాను. ఆఫీసులో కూర్చుని పనిచేసే ముప్పై అయిదేళ్ళ మనిషి, 15 శాతం, ఆన్ ట్రాక్, మిగులు బాగుంది: బ్యాంకార్ట్ చాలు. ఆఫ్ ట్రాక్ అయితే బ్యాంకార్ట్‌తో పాటు కఫ్‌ని గుంటలోకి కుట్టే రెంప్లిసాజ్. అదే 15 శాతం, ఆఫ్ ట్రాక్, వచ్చే సీజన్‌లో మళ్ళీ కబడ్డీ ఆడతానంటున్న డిఫెండర్ అయితే నేను లటార్జె వైపే వెళ్తాను. కానిస్టేబుల్ సెలక్షన్స్‌కి తయారవుతున్నవాళ్ళు కూడా ఆడేవాళ్ళ లెక్కలోకే వస్తారు, తెలంగాణలోనైతే షాట్‌పుట్ కూడా విసరాలి కదా. 25 దాటితే ఎముకకి ఎముకే. లటార్జె అనుకున్నాక అదే సీటీలో కోరకాయిడ్ పొడవు, మందం కూడా కొలుచుకోండి. సన్నగా ఉన్న మనిషిలో అది కూడా సన్నమే, స్క్రూ వేస్తే పగలొచ్చు. అది చాలదనిపిస్తే తుంటి ఎముక తీసుకోవడానికి ముందే పేషెంట్ దగ్గర అనుమతి తీసుకోండి.

స్కోప్ పెట్టాక ఒకసారి సరిచూసుకోండి. పై-ముందు పోర్టల్ (స్కోప్ పెట్టే రంధ్రం) నుంచి చూస్తూ, వెనక పోర్టల్‌లోంచి మి.మీ. గుర్తులున్న ప్రోబ్ పెట్టి బేర్ స్పాట్ (గ్లెనాయిడ్ దాదాపు మధ్యలో మృదులాస్థి పల్చగా ఉండే చోటు) నుంచి వెనక అంచుకీ ముందు అంచుకీ కొలవాలి. వెనక 12, ముందు 7 వస్తే తేడా 5, దాన్ని వెనక కొలతకి రెట్టింపైన 24తో భాగిస్తే 20.8 శాతం. బేర్ స్పాట్ అందరిలోనూ సరిగ్గా మధ్యలో ఉండదు, కాబట్టి స్కోప్ కొలత సీటీకి సాక్ష్యమే గానీ బదులు కాదు. చెయ్యి ఎత్తి తిప్పి గుంట చిక్కుకుంటుందేమో చూడటం కూడా అంతే: కుట్టకముందు చూస్తే వదులు భుజాలన్నీ చిక్కుకున్నట్టే కనిపిస్తాయి. టేబుల్ మీద ప్లాన్ మార్చాల్సి వస్తే ఎముక సెట్టు బయట సిద్ధంగా ఉండాలి, అందుకు సిస్టర్‌కి ముందురోజే చెప్పి పెట్టండి.

కేస్ షీట్ మీద "మైల్డ్", "మోడరేట్" రాయకండి. ఇలా రాయండి: కుడి భుజం, వృత్తం 26 (ఎడమతో పోల్చినది), ఖాళీ 4, వ్యాసంలో 15.4 శాతం, ముక్క లేదు, ట్రాక్ 17.6, ఇంటర్వల్ 19, ఆఫ్ ట్రాక్, ఫిట్స్ లేవు, కబడ్డీ. సంతకం, తేదీ.